జక్కవలు ప్రయాణం కట్టే వేళ



వలస పక్షులనగానే మనవాళ్లకు కార్తీకం చలి గుర్తొస్తుంది. అవి వచ్చాయంటే పేపర్లో ఫొటో పడుతుంది, ‘సైబీరియా నుంచి వచ్చాయట’ అని ఊరంతా చెప్పుకుంటుంది. ఫాల్గుణంలో అవే తిరుగుముఖం పడితే పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి పక్షుల్ని చూడ్డానికి ఆ వెళ్లిపోయే నెలన్నరే మంచి అదను.

బిలాస్‌పూర్‌ను ఆనుకుని, ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్న ఊరు బోద్రీ. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి రైల్వే పట్నమైన బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలున్నాయి. ఇక్కడివాళ్లు పక్షుల కోసం దూరాభారం వెళ్లనక్కర్లేదు. బిలాస్‌పూర్‌కు చేరువలోనే కోప్రా జలాశయం ఉంది. వాన నీటితోనూ, చిన్న చిన్న వాగులతోనూ నిండే ఈ జలాశయం 2025 డిసెంబరులో రామ్‌సర్ జాబితాకెక్కింది. ఛత్తీస్‌గఢ్ నుంచి ఆ జాబితాలో చేరిన మొదటి పేరు ఇదే. నీటినేలల్ని కాపాడుకుందామని 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్నంలో దేశాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం నడిచే జాబితా అది. బోద్రీ మీదుగా పోయే రాయపూర్ రోడ్డు పట్టుకుంటే నాందఘాట్ వస్తుంది. ఆ చుట్టుపక్కలే బెమెతరా జిల్లా గిధ్వా, పరసదా చెరువులున్నాయి. రాష్ట్రంలో తొలి పక్షుల పండగ 2021లో అక్కడే జరిగింది.

ఈ ప్రాంతపు జలాశయాలకు వచ్చే చలికాలపు చుట్టాల్లో జక్కవ ఒకటి. కావ్యాల్లో రాత్రిపూట జంట విడిపోయి విలపించే చక్రవాకం ఇదే. ఒళ్లంతా మాగిన నారింజ తొక్క రంగు, తల కాస్త వెలిసిన మీగడ రంగు. వచ్చిన కొత్తలో ఆడా మగా పోల్చుకోవడం కష్టం. చలి తగ్గేనాటికి మగదాని మెడ చుట్టూ సన్నని నల్లదారం కట్టినట్టు ఒక పట్టీ తేలుతుంది. అది జత కట్టే కాలానికి గుర్తు. గూడు మాత్రం ఇక్కడ పెట్టదు. లద్దాఖ్, టిబెట్ ఎత్తుల్లో ఏ రాతి బొరియలోనో గుడ్లు పెడుతుంది.

బయల్దేరే వేళ అయిందని వాటికి చెప్పేదెవరు? పగటి పొద్దు. 1920ల్లో కెనడాలో విలియం రోవన్ అనే శాస్త్రవేత్త గడ్డకట్టే చలిలో పంజరాల్లోని పిట్టలకు దీపాలు పెట్టి, పగటిని రోజుకింత పొడిగించి చూశాడు. బయట మంచు కురుస్తుండగానే వాటి ఒంట్లో వసంతం వచ్చేసింది. పొద్దు పొడుగవుతున్నకొద్దీ వలస పక్షికి ఆకలి పెరుగుతుంది. తిన్నదంతా చర్మం కింద కొవ్వుగా చేరుతుంది. దారిలో విప్పుకునే సద్దిమూట అదే. కొన్ని ఉల్లంకి జాతి పిట్టలైతే బయల్దేరేలోగా ఇంచుమించు రెట్టింపు బరువెక్కుతాయి. నీరు తీసిన ఒడ్డున బురదలో పొద్దస్తమానం ముక్కుతో పొడుస్తూ కనిపించేది అందుకే.

అందరిలోకీ గట్టి ప్రయాణం బార్ హెడెడ్ గూస్‌ది. తెల్లని తల వెనక రెండు నల్లచారలుండే ఈ పెద్దబాతు హిమాలయాల్ని దాటాలి. దీనికి పరికరాలు కట్టి గమనించిన శాస్త్రవేత్తలు ఒక పక్షి 7,290 మీటర్ల ఎత్తుకు చేరడం నమోదు చేశారు. దీని రక్తం పలుచని గాలిలోంచి కూడా ప్రాణవాయువును బాగా పట్టుకుంటుంది. రాత్రి, తెల్లవారుజాము వేళల్లో గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది కనుక కొండ ఎక్కడానికి ఎక్కువగా ఆ వేళల్నే ఎంచుకుంటుంది.

వలస వచ్చే పక్షులన్నీ ఇలాంటి దూరప్రయాణికులే అనుకుంటే పొరపాటు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చింతచెట్ల మీద దిగే గూడబాతుల్నీ, ఎర్రకాళ్ల కొంగల్నీ కూడా జనం సైబీరియావే అంటారు. అవి దక్షిణాసియా చుట్టుపట్లవే. ఆ ఊరికి పురుడు పోసుకోవడానికి వస్తాయి, పిల్లలకు రెక్కలొచ్చాక కుటుంబంతో సహా పోతాయి. కోప్రాలో దిగే బాతులది పూర్తిగా వేరే లెక్క. ఇక్కడ తిని బలిసి, పురిటికి ఉత్తరానికి పోతాయి. అందుకే చెరువు మీద కదిలే గుంపును పదేపదే లేపకూడదు. ఎగిరిన ప్రతిసారీ సద్దిమూటలో కొంత కరిగిపోతుంది.

చూడాలనుకునేవాళ్లు సూర్యోదయానికి ముందే చేరుకోవాలి. ఎండను వీపు వైపు పెట్టుకుని, గట్టు మీదే కూర్చోవాలి. మట్టి రంగు బట్టలు, ఒక మామూలు బైనాక్యులర్ చాలు. తొలిసారి ఏ పక్షి ఎప్పుడు కనిపించిందో అందరూ రాసుకుంటారు. ఈసారి ఫాల్గుణ చైత్రాల్లో గట్టెక్కినప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం తీసుకెళ్లి, జక్కవ చివరిసారి ఏ తేదీన కనిపించిందో కూడా రాసిపెట్టండి.