సీరియల్ పోర్టు రిజిస్టర్లు: గోర్డన్ బెల్ స్మారకోపన్యాసం

2024 మే 17న కన్నుమూసిన గోర్డన్ బెల్ పేరు వినగానే పీడీపీ, వ్యాక్స్ కంప్యూటర్లు గుర్తొస్తాయి. నాందేడ్‌లో ఈ సాయంత్రం తలుచుకోవలసింది ఆయన చేసిన మరో పని. 1960లలో, ఐటీటీ సంస్థ టెలిగ్రాఫ్ సందేశాల కోసం పీడీపీ-1ను సిద్ధం చేస్తూ, తీగ మీద ఒక్కొక్క బిట్టుగా వచ్చేదాన్ని అక్షరంగా కూర్చే, అక్షరాన్ని మళ్లీ బిట్లుగా విడదీసే సర్క్యూట్‌ను బెల్ రూపొందించారు. సీరియల్ పోర్టులో ఉండే యూఆర్ట్ అదే.

దానితో పని చేయించాలంటే ఏ చిరునామాలో ఏముందో కెర్నల్‌కు తెలియాలి. పీడీపీ-11లో ఆ లెక్క ఎంతో తేటగా ఉండేది. ఆక్టల్ 177560 నుంచి వరసగా నాలుగు రిజిస్టర్లు: రాక స్థితి, వచ్చిన అక్షరం, పోక స్థితి, పంపాల్సిన అక్షరం. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌లో ఇవి సీ భాషలో నాలుగు పూర్ణాంకాల స్ట్రక్చర్, అంతే. కెర్నల్ ఏదైనా ముద్రించాలంటే మూడోదానిలో ఆక్టల్ 0200 బిట్టు వెలిగేదాకా ఆగి, నాలుగోదానిలో అక్షరం వేసేది. డ్రైవర్ రాయడం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఐబీఎం పీసీ దగ్గర కథ చిక్కుపడింది.

1981లో వచ్చిన ఆ యంత్రంలో వాడిన యూఆర్ట్ 8250 చిప్. హెక్స్ 3ఎఫ్8 నుంచి ఎనిమిదే చిరునామాలు. రిజిస్టర్లేమో అంతకంటే ఎక్కువ. అందుకే లైన్ కంట్రోల్ రిజిస్టర్‌లో ఏడో బిట్టు పెడితే మొదటి రెండు చిరునామాలూ వేగాన్ని నిర్ణయించే భాజకానివి అవుతాయి. తీసేస్తే అక్షరాలకూ ఇంటరప్ట్‌లకూ తిరిగొస్తాయి. 18,43,200 హెర్ట్జ్ గడియారాన్ని 16తో, ఆపైన 12తో భాగిస్తే 9600 వేగం. ఆ ఏడో బిట్టు తీసేయడం మరిచిపోతే, పంపబోయిన అక్షరం పోయి భాజకంలో పడుతుంది, వేగమే మారిపోతుంది.

తర్వాత 16 బైట్ల బఫరుతో 16550 వచ్చింది. ఆ బఫరులోని లోపాన్ని 16550ఏ సరిదిద్దింది. అసలు చిప్ బోర్డుల మీంచి పోయినా దాని రిజిస్టర్ల అమరిక మాత్రం కొత్త చిప్‌ల లోపల నిలిచిపోయింది. కాకపోతే ఒకచోట రిజిస్టర్ల మధ్య దూరం ఒక బైటు, మరోచోట నాలుగు, గడియారమూ వేరు. లినక్స్‌లో ఏఆర్ఎం బోర్డు బోర్డుకూ ఈ వివరాలను సీ ఫైళ్లలో రాస్తూ పోయారు. ఆ కుప్ప మీద లినస్ టోర్వాల్డ్స్ 2011లో బాహాటంగానే విసుక్కున్నారు. అక్కడి నుంచి డివైస్ ట్రీ ఊపందుకుంది. చిప్ ఏ జాతి, మొదటి చిరునామా ఏది, రిజిస్టర్ల మధ్య ఎడమెంత, గడియారమెంత అన్నవి కోడులోంచి బయటికొచ్చి విడి వివరణగా మారాయి. కెర్నల్ చరిత్రలో ఇది ఎంతో ఆరోగ్యకరమైన మలుపు.

జాతి పేరు ఎందుకంత ముఖ్యమో రాస్ప్‌బెర్రీ పై ముందు కూర్చున్న విద్యార్థికి వెంటనే తెలుస్తుంది. 8250 లైన్ స్టేటస్‌లో ఐదో బిట్టు వెలిగితే పంపే చోటు ఖాళీ, అక్షరం వేయవచ్చు. ఆ బోర్డులోని యూఆర్ట్ అయిన పీఎల్011 ఫ్లాగ్ రిజిస్టర్‌లోనూ చూడాల్సింది ఐదో బిట్టే. అక్కడది వెలిగితే పంపే చోటు నిండిపోయిందని, ఆగాలని.