మా మనుమరాలి తాబేలు బొమ్మ

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా తునిలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ఒకరి దయాదాక్షిణ్యం కాదని తీర్పు చెప్పింది. ఆ రోజును తలచుకుంటూ మనం ఏటా ఇలా కలుసుకుంటున్నాం. ఆ తీర్పు గురించీ, డి.ఎ. బకాయిల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాతో "మాస్టారూ, మీరు కాస్త తేలికపాటి విషయం ఏదైనా పది నిముషాలు చెప్పండి" అన్నారు. నేను మాస్టారిని కాను, సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. అయినా పిలుపు బాగుంది కనుక కాదనలేదు.

నేను సంచిలోంచి ఈ బొమ్మ తీసి బల్లమీద పెట్టగానే ముందు వరుసలో నవ్వులు వినిపించాయి. డెబ్బయ్యయిదేళ్ళు వచ్చినవాడు దూదిబొమ్మ పట్టుకుని సభకు వస్తే నవ్వు రావడం సహజమే. దీని కథ విన్నాక కూడా నవ్వు వస్తే అలాగే నవ్వండి.

ఇది మా మనుమరాలిది. మా అమ్మాయి కుటుంబం సింగపూరులో ఉంటుంది. మొన్న మార్చిలో బడికి వారం సెలవులిస్తే పిల్లను తీసుకుని వచ్చారు. పిల్లకు ఏడేళ్ళు. విమానం దిగింది మొదలు ఈ తాబేలును చంకలోంచి దింపలేదు. చూడండి, పైన బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ, క్రింద పాలమీగడ రంగు. అచ్చం ప్రాణమున్నదానిలాగే కుట్టారు. సముద్రం అంటే ఇష్టమున్న పిల్లల కోసం ఇలాంటివి అక్కడ చాలా అమ్ముతారట. తిమింగలాలు, సొరచేపలు, ఆక్టోపస్‌లు, అన్నీ ఉన్నాయట.

మన చిన్నప్పుడు మనకూ బొమ్మలున్నాయి. కొండపల్లి దశావతారాల వరుసలో రెండవ బొమ్మ కూర్మావతారమే, నడుము పైన స్వామి, క్రింద తాబేలు. మనకు ఇరుగుపొరుగున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి నునుపుగా చేసే బొమ్మలున్నాయి. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల గింజలతో, బెరళ్ళతో, వేళ్ళతో రంగులు తయారుచేసి ఆ పనిని నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అవన్నీ అందమైన బొమ్మలు. అయితే అవి జంతువును ఉన్నదున్నట్లు చూపించాలని చేసినవి కావు. ఈ తాబేలు వేరే తరహాది.

ఆ సంగతి తెలియక నేను మొదటిరోజే తప్పులో కాలు వేశాను. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మడూ, నిన్ను మోసం చేశారే! తాబేలు తల లోపలికి పోవాలి. దీని తల ఎంత నొక్కినా పోవడంలేదు. కాళ్ళకు వేళ్ళే లేవు, తెడ్లు కుట్టారు" అన్నాను. ఆ పిల్ల నావంక జాలిగా చూసింది. "తాతయ్యా, ఇది సీ టర్టిల్. దీని తల లోపలికి వెళ్ళదు. ఇది ఆలివ్ రిడ్లే. మీ ఊరికే వస్తుందట, మా టీచర్ మ్యాపులో చూపించింది" అంది.

మన ఊరికే! మన తాండవ నది సముద్రంలో కలిసే పెంటకోట ఇక్కడికి ఆటోలో అరగంట. నేను పుట్టి పెరిగింది ఈ గట్టుమీదే. నాకు తెలిసిన తాబేలు చెరువులోది, శ్రీకూర్మం గుడిలో చూసిన నక్షత్రాల తాబేలు, అంతే. అవి నేలమీద నడిచేవి, తల ముడుచుకునేవి. తాబేలును సముద్రంలో వదిలితే పుణ్యమని, నేలమీది తాబేలును తీసుకెళ్ళి కెరటాల్లో విడిచే అమాయకులున్నారు. పాపం, అది మునిగి చస్తుంది. బొమ్మ సరిగా ఉంటే పిల్లలకు ఆ తేడా ఆటలోనే తెలిసిపోతుంది.

మర్నాడు పొద్దున్నే పిల్లను పెంటకోట తీసుకెళ్ళాను. బొమ్మా వచ్చింది. ఇసుక మీద కొంతదూరం నడిచాక కాకులు మూగి ఉన్నాయి. దగ్గరకు వెళితే రెండడుగుల పైన పొడవున్న తాబేలు, చచ్చి ఒకటి రెండు రోజులైనట్లుంది. పిల్ల భయపడుతుందని నేను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. అది చెయ్యి విడిపించుకుని, ముక్కు మూసుకుని, వీపుమీది పలకలు లెక్కపెట్టింది. తరువాత బొమ్మమీద లెక్కపెట్టింది. "ప్రక్కన ఆరు, ఇటు ఏడు. ఇదే తాతయ్యా, ఇదే" అంది. ఈ జాతికి పలకలు రెండు వైపులా సమానంగా ఉండకపోవడం కూడా మామూలేనట. ఆ కుట్టుపని చేసినవారెవరో అది కూడా మరచిపోలేదు. అప్పుడు పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ను "ఎందుకిలా చచ్చిపోయింది?" అని అడిగాను. "ఊపిరాడక బాబుగారూ. అది చేప కాదు కదా, పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. మరబోటువాళ్ళ పెద్దవలలో పడితే గంటల తరబడి క్రిందే ఉండిపోతుంది" అన్నాడు. తాబేలు బయటపడేందుకు వలలో దారి పెట్టే పరికరం ఉందని నేను విన్నది చెప్పాను. "ఉంది బాబూ. దాంట్లోంచి మా చేపలు కూడా పోతాయని బోట్లవాళ్ళ బెంగ. డీజిలు ఖర్చు వాళ్ళది కదా" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఈ పరికరం లేకుండా పట్టిన రొయ్యలు మాకొద్దని అమెరికా ఆంక్ష పెట్టడం, దానిమీద మన దేశం మరి మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కడం, 1998లో తీర్పు రావడం, ఇదంతా ఒక పెద్ద కథ. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. తాబేళ్ళు ఒడ్డుకు చేరేదేమో అంతకు ముందు, సంక్రాంతికి అటూ ఇటూ మొదలుపెట్టి వేసవి ఆరంభం దాకా. అందుకే 2025 జనవరిలో కాకినాడ తీరాన, చెన్నై తీరాన కూడా అన్ని తాబేళ్ళు చచ్చి కొట్టుకువచ్చాయి.

చచ్చినదాన్ని చూపించి పిల్లను పంపించడం నాకు మనస్కరించలేదు. విశాఖలో మా చెల్లెలి ఇల్లుంది. అక్కడి సముద్రతీరంలో అటవీశాఖవారు కంచె కట్టి గుడ్లను కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారని పేపర్లో చదివాను. ఆ రాత్రికి విశాఖ వెళ్ళి, తెల్లవారుజామునే ఒడ్డుకు చేరాం. మా అదృష్టం, ఆ పూట పిల్లలు వెలువడ్డాయి. అగ్గిపెట్టె కంటే చిన్నవి, బొగ్గు రంగువి, తెడ్లు ఆడించుకుంటూ కెరటాలవైపు సాగిపోతున్నాయి. వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు పోతాయట. రోడ్డుమీద దీపాలుంటే దారితప్పి ఊళ్ళోకే వచ్చేస్తాయట.

కాపలా కుర్రవాడు ఓపికగా చెప్పాడు. తల్లి రాత్రిపూట వచ్చి, అడుగున్నర లోతు గొయ్యి తీసి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. తిరిగి చూడదు. నలభై అయిదు నుంచి అరవై రోజులలో పిల్లలవుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. వెయ్యింటిలో ఒకటి పెద్దదైతే గొప్ప.

మా మనుమరాలు అడిగింది: "మరి గుడ్లు ఇక్కడికి ఎలా తెస్తారు?"

"పెట్టిన కొద్ది గంటలలోపలే తేవాలమ్మా. ఎలా ఉన్న గుడ్డును అలాగే, దొర్లించకుండా తేవాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది. అప్పుడు కుదిపినా, తిప్పినా ఇక పిల్ల కాదు."

నేను అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను. మా చెల్లెలు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఎండదెబ్బ అనుకుంది. ఆ వేళకు ఎండే లేదు.

అసలు సంగతి ఇది. 1974లో నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక తీరగ్రామానికి క్యాంపు వెళ్ళాను. కుర్రాడొకడు బుట్టనిండా తెల్లటి గుడ్లు తెచ్చాడు. ఒక్కొక్కటి పింగ్‌పాంగ్ బంతంత ఉంది. రూపాయిచ్చి అన్నీ కొన్నాను. గోనెసంచిలో వేసి, సైకిలు క్యారేజికి కట్టి, గతుకుల బాటన ఇంటికి తెచ్చాను. మా అమ్మ చూసి "కూర్మావతారం రా, ఏ తల్లి ఉసురో మనకెందుకు? ఎక్కడివక్కడ పెట్టిరా" అని ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మళ్ళీ అంత దూరం తొక్కి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కొక్కటే తుడిచి పేర్చి, కప్పి వచ్చాను. వచ్చి అమ్మకు చెప్పాను. "పోనీలే, పిల్లలై వెళ్ళిపోతాయి" అంది. చనిపోయేదాకా ఆమె అదే నమ్మింది. అర్ధశతాబ్దం నేనూ అదే నమ్మాను. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

అప్పటికే 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఈ తాబేళ్ళను 1977లో దాని మొదటి షెడ్యూలులో చేర్చారు. ఈనాడు ఆ పని చేస్తే జైలే. చట్టం సంగతి అలా ఉంచండి. గుడ్లను చంపి, బ్రతికించానని అనుకున్నవాణ్ణి నేను.

తిరుగు రైల్లో యలమంచిలి దాటాక పిల్ల అడిగింది, "తాతయ్యా, నువ్వు చిన్నప్పుడు వీటిని ఎప్పుడూ చూడలేదా?" అని. చూడలేదంటే సరిపోయేది. ఒడిలో ఈ బొమ్మ నావైపే చూస్తూ ఉంది. ఉన్నదున్నట్లు చెప్పేశాను. చాలాసేపు ఊరుకుంది. తరువాత "ఆ అమ్మ తాబేలుకి తెలుసా?" అంది. "తెలియదమ్మా, అది తిరిగి చూడదు కదా" అన్నాను. "అయితే నువ్వు చూడాలి" అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వెళ్ళేరోజున మా ఆవిడ సర్దిన అప్పడాలు, పూతరేకులు, మాగాయ సీసాలు పోను పెట్టెలో బొమ్మకు చోటు మిగలలేదు. పిల్ల ఏడుస్తుందనుకున్నాం. "ఇక్కడే ఉండనీ, ఇది దీని ఊరే కదా" అని నా చేతికిచ్చింది. అప్పటినుంచి దీన్ని పట్టుకుని మా వీధి పిల్లలకు, రెండు బడుల్లో పిల్లలకు ఈ కథ చెబుతున్నాను. నా తప్పు కూడా దాచకుండా చెబుతున్నాను.

మీకు నా మనవి మూడు ముక్కలు. మనుమలకు జంతువు బొమ్మ కొనేటప్పుడు ఆ జంతువులా ఉన్నదే కొనండి. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి, అది ఉందో లేదో చూడండి. పసిపిల్లలకైతే కళ్ళు ఊడిరాకుండా దారంతో కుట్టినది తీసుకోండి. రెండవది, కొని ఊరుకోకుండా ఆ పిల్లను ఒడ్డుకు తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ సంచి అక్కడ వదలకండి, తాబేలు దాన్ని జెల్లీచేప అనుకుని మింగుతుంది. మూడవది, తాబేలు గానీ, గుడ్లు గానీ కనబడితే ముట్టుకోకండి, టార్చి వేయకండి, మంచి చేద్దామని మీరే త్రవ్వి మార్చకండి. అటవీశాఖవారికి కబురు చేయండి. మంచి చేద్దామనుకున్నవాడు చేసిన పని ఇప్పుడే విన్నారు కదా.

వచ్చే నెలలో అవి మళ్ళీ వస్తాయి. పొద్దుటి నడక ఎలాగూ డాక్టర్లు చెప్పినదే. వారానికి ఒకరోజు ఆ నడక పెంటకోట ఇసుకలో నడుద్దామనుకుంటున్నాను. మోకాళ్ళు సహకరించినవారు నాతో రండి. నలుగురైతే ఆటో ఖర్చు కూడా కలిసివస్తుంది.

 బొమ్మను చూడదలచినవారు చూడవచ్చు. తల మాత్రం నొక్కకండి, లోపలికి పోదు. సెలవు.