తెల్లవారేదాకా ఆగవచ్చా?

 

బిడ్డ ఒళ్లు వెచ్చబడుతుంది, పాలు సగమే తాగుతాడు. జలుబేమో అనుకుంటాం, దిష్టేమోనని దమ్ చేయిస్తాం. దవాఖానాకు వెళితే ఒకరోజు కూలి పోతుంది, చీదరింపులూ భరించాలి. అందుకే తెల్లవారనిద్దాం అనుకుంటాం. ఈ తటపటాయింపును మేము నిందించడం లేదు. కాని కొన్ని లక్షణాలు తెల్లవారేదాకా ఆగవు.

రెండు నెలలలోపు శిశువుకు జ్వరమొస్తే ఇంట్లో వేచి ఉండరాదు. ఐదేళ్లలోపు బిడ్డ ఏమీ తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవక మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయాలి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు శ్వాసను నిండు నిమిషం లెక్కించండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40కి చేరినా, దాటినా అది మామూలు జలుబు కాదు. డెంగీలోనైతే జ్వరం తగ్గే వేళే అపాయం ముదరవచ్చు.

ఇవేవీ లేక బిడ్డ తాగుతూ, ఆడుతూ ఉంటే రాత్రంతా కనిపెట్టుకొని ఉండి, ఉదయం బస్తీ దవాఖానాలో చూపించవచ్చు.

దుఆ చేద్దాం, చికిత్సా చేయిద్దాం. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధే. ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో అత్యవసర చికిత్స అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. మనం అడిగేది దయ కాదు, హక్కు.

భర్త పని నుండి వచ్చేదాకా తల్లి ఆగనక్కరలేదు. ఆ రాత్రి ఆమెకు తోడుగా ఒక మనిషిని, ఒక ఆటోను సిద్ధంగా ఉంచే బాధ్యతను ప్రతి మస్జిద్ కమిటీ స్వీకరించాలని కోరుతున్నాం.