బ్యూగిలు: ఐదు స్వరముల ఆజ్ఞ



గ్రంథాలయమునందు అక్షరమును గూర్చి ప్రసంగించుట సహజము. నేను మాత్రము నేడు అక్షరము రానివానికి సైతము ఆజ్ఞను అందజేసిన యొక పరికరమును గూర్చి మనవి చేసెదను. అది బ్యూగిలు. ఈ పేరు కోడెదూడ యని అర్థమిచ్చు లాటిను పదమునుండి ఫ్రెంచి భాష ద్వారా వచ్చినది. మొదట అది పశువు కొమ్మే. మనమును పశువు తలమీది దానిని, జాతరలో ఊదుదానిని గూడ ‘కొమ్ము’ అనియే పిలుచుచున్నాము గదా!

బ్రిటిషు సేనలలో వాడుకయైన బ్యూగిలు, సుమారు నాలుగున్నర అడుగుల రాగి గొట్టమును రెండు చుట్లు చుట్టినట్లుండును. దానికి రంధ్రములు లేవు, మీటలు లేవు. సన్నాయియందు వలె వ్రేళ్ళకు పని లేదు. పెదవుల బిగువును, ఊపిరి బలమును మార్చిన కొలది స్వరము మారును. సైనికుల పిలుపులలో వచ్చునవి ఐదే స్వరములు: క్రింది షడ్జము, పంచమము, పై షడ్జము, దానిపై గాంధారము, పంచమము. రిషభ మధ్యమ ధైవత నిషాదములకు అందు తావు లేదు. సంగీత విద్వాంసుడు దీనిని దారిద్ర్యమనవచ్చును. నా అభిప్రాయమున ఈ దారిద్ర్యమే దాని బలము. స్వరములు కొలదియై, ఒకదానికొకటి ఎడముగా నుండుటచేత తుపాకుల మ్రోతలో సైతము పిలుపు చెడక చెవికి చేరును.

పూర్వము ఐరోపా పదాతులకు డోలే ఆజ్ఞావాహకము. బారులు తీరి నడచువారికి అది చాలును. చెట్లచాటునను, గట్లచాటునను చెదరి పోరాడు తేలికదళములకు డోలు పనికిరాదయ్యెను. 1758లో హనోవరు సైన్యమున అర్ధచంద్రాకారపు కొమ్ము వాడుకలో నుండెను. పిదప అది ఇంగ్లాండునకు చేరినది. మేల్కొలుపుటకు, భోజనమునకు, ముందునకు సాగుటకు, వెనుకకు మరలుటకు వేరువేరు పిలుపు లేర్పడినవి. సైనికులు జ్ఞాపకముంచుకొనుటకై వానికి హాస్యపు మాటలు కట్టి పాడుకొనెడివారు.

అయితే ఈ భాషలో నొక లోపము గలదు. వ్రాతపూర్వకమైన ఉత్తరువునకు క్రింద సంతకముండును. బ్యూగిలు పిలుపునకు ఉండదు. 1854 సెప్టెంబరు 20న క్రిమియాలోని ఆల్మా నదీతీరమున ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు రష్యనులతో తలపడినవి. ఇంగ్లీషు దళములు కొన్ని నదిని దాటి, కొండవాలు నెక్కి, ఫిరంగులుంచిన మట్టికోటను పట్టుకొన్నవి. అంతలో పైనుండి పెద్ద దండొకటి దిగివచ్చుచుండెను. అది రష్యను దండు. కాని ఎవరో అధికారి, వారు ఫ్రెంచివారు, కాల్పవలదని కేకవేసెను. అంతట మరలుడను పిలుపు వినవచ్చెను. ఒక బ్యూగిలువాడు ఊదగా విని ప్రక్కవాడు ఊదెను. వానిని విని మరియొకడు. బ్యూగిలువాని ధర్మమే అది: విన్నదానిని అందించుట, ప్రశ్నించుట కాదు. కొందరు అధికారులు ఇది పొరపాటేమో యని తటపటాయించిరి. పిలుపు మరల వినవచ్చెను. ప్రాణములొడ్డి గెలిచిన స్థానమును విడిచి సైనికులు వాలు దిగసాగిరి. దిగువనుండి ఎక్కివచ్చుచున్న గార్డు దళములలో ఒకటి వీరి తాకిడికి చెదరిపోయెను. పిమ్మట గార్డులు పోరాడి ఆ కోటను మరల గైకొనిరి. మొదటి పిలుపును ఊదుమన్నవారెవరో నేటికిని తేలలేదు.

మరతుపాకులు, కందకములు, టెలిఫోను తీగలు వచ్చిన మొదటి ప్రపంచయుద్ధమున రణరంగపు బ్యూగిలు చాలవరకు మూగవోయెను. అయినను ఒక పని మిగిలినది. 1918 నవంబరు 7వ తేదీ రాత్రి సంధికై వచ్చు జర్మను ప్రతినిధులు లా కాపెల్ వద్ద ఫ్రెంచివారి హద్దు దాటినపుడు, పియేర్ సెల్లియే అను ఫ్రెంచి కార్పొరలు వారి కారుపై నిలిచి కాల్పులాపుడను పిలుపును ఊదెను. చీకటిలో జెండాకంటె ధ్వనియే నమ్మదగినది.

బెల్జియములోని ఈప్ర్ పట్టణపు మెనిన్ ద్వారముపై, ఆ యుద్ధమున మరణించి సమాధియైన తెలియని 54 వేలకు పైగా సైనికుల పేర్లు చెక్కబడినవి. వారిలో మన భారతీయ సిపాయిలును గలరు. 1928లో ప్రారంభమై, 1929 నుండి దినదినము సాయంకాలము ఎనిమిది గంటలకు అచట ‘లాస్ట్ పోస్ట్’ అను పిలుపును ఊదుట ఆచారమైనది. అది మృతులకొరకు పుట్టినది కాదు. రాత్రి కావలి తనిఖీ ముగిసినదని శిబిరమునకు తెలుపు నిత్యపు పిలుపు. ఊదువారును సేనలవారు కారు, ఆ ఊరి అగ్నిమాపక దళమువారు. 1940లో జర్మనులు పట్టణము నాక్రమించుటతో ఆ పిలుపు ఇంగ్లాండులోని బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానమునకు తరలినది. 1944 సెప్టెంబరు 6న పోలండు సేనలు ఈప్ర్‌ను విడిపించిన సాయంకాలమే, పట్టణపు ఇతర భాగములలో పోరింకను జరుగుచుండగనే, మెనిన్ ద్వారము క్రింద అది మరల మ్రోగెను.