తుఫాన్ల నెలల్లో ఇల్లు మారేటప్పుడు



మన కోస్తాకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటాయి. మనం ఇళ్లు మారే కార్తీక మాసం కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. ముహూర్తం దాటిపోతుందని గాలివానలో సామాను ఎక్కించొద్దు. వాన ముదరకముందే అయితే వెళ్లి పాలు పొంగించుకుని రండి, సామాను తెరిపి ఇచ్చాక తోలుకోవచ్చు.

అడ్వాన్సు ఇచ్చే ముందు పక్కింటివాళ్లను అడగండి, "పోయిన తుఫానుకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా?" అని. ఓనరు చెప్పని సంగతి వాళ్లు చెప్తారు. కుదిరితే పాత ఇంటి తాళం నాలుగు రోజులు ఆగి ఇవ్వండి.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, సంఘం పుస్తకాలు బండిలో వేయొద్దు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి మీ చేతిసంచిలోనే ఉంచుకోండి. మందులు, టార్చిలైటు కూడా అందులోనే.

హెచ్చరిక వచ్చిందంటే బండి ఆపేయండి. బండికిచ్చిన బయానా పోతే మళ్లీ సంపాదించుకుంటాం, మనిషి పోతే తేలేం.

ఇల్లు మారే తేదీ సంఘం మీటింగులో ముందే చెప్పండి. ఆ రోజు పిల్లల్ని, ముసలివాళ్లని మన ఇళ్లల్లో ఉంచుకుందాం. పొదుపు ఒక్కటే కాదు, ఇదీ సంఘమే. సెలవు.