పిచ్చివాడికి మెమో ఇవ్వరు

(ఆలూరులో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశాన్ని వక్ఫ్ కాగితాల కోసం పిలిచాము. గతంలో పిలిచిన సమావేశం కూడా అందుకోసమే. ఆ రోజు కాగితాల సంచి ముడి విప్పకముందే సగం మంది లేచి వెళ్ళిపోయారు. ఒకరు, "వక్ఫ్ బిల్లుకు చేతులెత్తిన పార్టీ జెండా ఇంకా మోస్తున్నారంటే మీకు మెదడు లేదు" అన్నారు. దానికి జవాబుగా మరొకరు, "మీరు గొర్రెలు, కాపరి ఎటు తోలితే అటు పోతారు" అన్నారు. అన్నవారు, పడినవారు ఒకే వీధిలో పుట్టి పెరిగినవారు, ఒకే సఫ్‌లో నిలబడి నమాజు చదివేవారు. ఇద్దరి పేర్లూ చెప్పము, ఇద్దరూ ఈ రోజు ఇక్కడే ఉన్నారు, అందుకు సంతోషం. అయితే ఆనాటి మాటలను అలాగే వదిలిపెట్టి మళ్ళీ కాగితాలు ముందు పెట్టుకుంటే మళ్ళీ అదే జరుగుతుందని మాకు తోచింది. కనుక ఒక పావుగంట సేపు ఆ మాటల గురించే మాట్లాడతాము.

రాజకీయంగా మనతో ఏకీభవించనివాడికి బుద్ధి లేదనడం ఈనాడు మన రాష్ట్రంలో మామూలు వాడుక అయిపోయింది. ఆ వాడుకలో ఒక పేరు మనకు చెందినది ఉంది. అది తుగ్లక్.

2019 డిసెంబరు 17న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి గారు శాసనసభలో మూడు రాజధానుల ఆలోచనను బయటపెట్టారు. శాసనసభ అమరావతిలో, సచివాలయం విశాఖపట్నంలో, హైకోర్టు మన కర్నూలులో. కొద్ది రోజులలోనే ప్రతిపక్ష నాయకుల నోట 'తుగ్లక్' అన్న పేరు వచ్చింది. తరువాత అది పత్రికలకు, టీవీ చర్చలకు, చివరకు టీ కొట్లకు చేరింది. మతద్వేషంతో ఆ పేరు వాడారని మేము అనము. మన ఇళ్ళలో కూడా చెప్పిన మాట వినని పెద్దమనిషిని తుగ్లక్ అని మనమే అన్నాము కదా. కానీ ఆ సుల్తాను ఎవరు, ఏం చేశాడు అని ఆ రోజులలో మమ్మల్ని ఒక డిగ్రీ విద్యార్థి అడిగితే జవాబు చెప్పలేకపోయాము. తరువాత కొంత చదివాము.

ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1325 నుంచి 1351 వరకు ఢిల్లీని పాలించాడు. అంతకు ముందు, యువరాజుగా ఉన్నప్పుడు, 1323లో ఓరుగల్లును గెలిచినది ఆయనే. దక్కను అంతా చేతికి వచ్చాక దానిని ఢిల్లీ నుంచి ఏలడం కష్టమని దేవగిరికి దౌలతాబాదు అని పేరు పెట్టి 1327లో రెండవ రాజధానిగా చేసుకున్నాడు. తరువాత వెండి టంకం స్థానంలో రాగి, కంచు నాణేలు చెల్లుతాయని ప్రకటించాడు. నకిలీని గుర్తుపట్టే ఏర్పాటు లేనందున ప్రజలు ఇళ్ళలోనే నాణేలు పోసుకున్నారు. ఖజానా వారు ఆ రాగిని తీసుకుని వెండి, బంగారం ఇచ్చి నష్టపోయారు. ఇదంతా మనకు చెప్పినవారు ఎవరు? ఇసామీ అనే కవి, ఈయన తాతగారు దౌలతాబాదుకు బలవంతపు ప్రయాణంలో దారిలోనే చనిపోయారు. జియావుద్దీన్ బరనీ, సుల్తాను కొలువులో పదిహేడేళ్ళు పైగా ఉండి, ఆయన పోయాక పదవి పోగొట్టుకుని ముసలితనంలో రాశాడు. వారి బాధ నిజమే. ఆ సుల్తాను శిక్షలు క్రూరమైనవే, ఢిల్లీ జనం పడిన కష్టం నిజమే. తుగ్లక్‌ను వెనకేసుకురావడం మా పని కాదు. మా మాటల్లా ఒకటే. 'పిచ్చి సుల్తాను' అన్నందువలన మనకు ఏమి అర్థమైంది? దక్కను నుంచి పాలించాలన్న ఆలోచనకు కారణముంది. నాణెం విఫలం కావడానికి కారణముంది. ఖజానా లెక్కలు రాసిన ఏ గుమాస్తా అయినా ఆ లోపాన్ని ఫైలులో ఒక పేరాలో రాసి పెట్టగలడు. పిచ్చి అన్న మాట ఆ ఫైలును తెరవనివ్వకుండా ఆరున్నర శతాబ్దాలకు పైగా మూసి ఉంచింది.

మన కాలంలోనూ అదే పని చేసింది. కర్నూలుకు హైకోర్టు ఎందుకు అన్న ప్రశ్న జగన్‌మోహన్‌రెడ్డి గారితో పుట్టలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ భవనంలో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒడంబడికలో రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు రావాలని ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినది ఆ మాట ప్రకారమే. మన ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రలోకి వచ్చినది కూడా ఆ రోజే. మూడేళ్ళు తిరిగేసరికి రాజధాని హైదరాబాదుకు వెళ్ళింది. పత్తి ఏరుడుకు, మిరప కోతకు పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరుకు, కూలి పనులకు బెంగళూరుకు వలసపోయే మన ఊళ్ళలోని మనిషి, "మాకేం మిగిలింది?" అని అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి 'తుగ్లక్' అన్నది జవాబు కాదు.

అవతలి వైపును కూడా చూడాలి. అమరావతికి 29 గ్రామాల రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. ప్రభుత్వం మాటను నమ్మి, ఒప్పందం రాయించుకుని ఇచ్చారు. రాజధాని పోతుందని తెలిసి రోడ్డు మీద కూర్చుంటే వారిని 'పెయిడ్ ఆర్టిస్టులు' అన్నారు, వారి నగరాన్ని 'గ్రాఫిక్స్' అన్నారు, 'భ్రమరావతి' అని పేరు మార్చారు. సీమవాసులమైన మనలో చాలామంది ఆ మాటలకు నవ్వారు. మేమూ నవ్వాము, దాచడం ఎందుకు. 2022 మార్చి 3న హైకోర్టు ఆ రైతుల పక్షాన తీర్పు ఇచ్చినప్పుడు, వారి చేతిలో ఉన్నది భ్రమ కాదు, రాతపూర్వకమైన హామీ అని తెలిసింది. ఆదోని మార్కెట్ యార్డులో ధర రాక పత్తి బస్తాల మీదే రాత్రి పడుకున్న మన రైతును ఎవరైనా నటుడు అంటే ఎలా ఉంటుందో అప్పుడు ఆలోచించవలసింది.

2024 ఎన్నికలు వచ్చేసరికి 'తుగ్లక్' చాలలేదు, 'సైకో' వచ్చింది, సైకిలుతో ప్రాస కుదిరి నినాదం కూడా అయింది. ఇటువైపు వారు చంద్రబాబునాయుడు గారి వయసును, జ్ఞాపకశక్తిని ఎగతాళి చేశారు. ఎదుటివాడిని ఎర్రగడ్డకు పంపాలనడం రెండు వైపులా ఉంది. ఈ సభలో మానసిక వ్యాధితో బాధపడే కొడుకునో కూతురినో సాకుతున్న తల్లులు ఉన్నారని మాకు తెలుసు. వారు ఒక వారం దర్గాకు, ఒక వారం ఆసుపత్రికి తిరుగుతారు. ఆ బిడ్డల వలన ఎవరి భూమీ పోలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. నాయకుల తప్పులకు వారి జబ్బు పేరు ఎందుకు పెట్టాలి?

ఇక మా అసలు మాట. మేము ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తా పని చేశాము. ఉద్యోగి తప్పు చేస్తే మెమో ఇస్తారు. ఫలానా తేదీన ఫలానా పని ఎందుకు చేశావు, సంజాయిషీ ఇవ్వు అని అడుగుతారు. మతి సరిగా లేనివాడికి మెమో ఇవ్వరు, సెలవు ఇచ్చి ఇంటికి పంపుతారు. అంటే ఒక నాయకుడిని పిచ్చివాడు అన్న క్షణంలోనే ఆయనను సంజాయిషీ అడిగే హక్కును మనం వదులుకున్నట్లే. ఆయనకు అంతకంటే సులువైన విడుదల ఉండదు.

ఒక ఉదాహరణ. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుకు పార్లమెంటులో వైయస్సార్ కాంగ్రెస్ ఓటు వేసింది, తెలుగుదేశం కూడా ఓటు వేసింది. అదే నెలలో జగన్‌మోహన్‌రెడ్డి గారు కడపలో, రాష్ట్రంలో ఎన్.ఆర్.సి. అమలు చేయబోమన్నారు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లును వైయస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది, తెలుగుదేశం తాను సూచించిన కొన్ని మార్పులను చేర్చారని చెప్పి బలపరచింది. లోక్‌సభలో 288 మంది అనుకూలం, 232 మంది ప్రతికూలం. ఈ నాలుగు నిర్ణయాలలో ఏ ఒక్కటీ పిచ్చితో చేసినది కాదు. ప్రతిదాని వెనుక ఢిల్లీతో అవసరాలు, కేసులు, నిధులు, ఓట్ల లెక్కలు ఉన్నాయి. అడగవలసినది ఆ లెక్కలను. తెలుగుదేశంలో ఉన్న మన సోదరులు తమ శాసనసభ్యులను, మంత్రులను అడగాలి. వైయస్సార్ కాంగ్రెస్‌లో ఉన్న సోదరులు 2019 ఓటు గురించి తమ నాయకత్వాన్ని అడగాలి. అక్కడ అడగడానికి మొహమాటం, ఇక్కడ వీధిలో ఒకరినొకరు గొర్రె అనుకోవడానికి మాత్రం ధైర్యం.

ఈ ముద్ర మన మీద పడినప్పుడు ఎలా ఉంటుందో మనకు కొత్త కాదు. 2020 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా కరోనా కేసులలో రాష్ట్రంలో ముందు వరుసకు వచ్చింది. నిజాముద్దీన్ నుంచి వచ్చినవారి పేరు మీద సమాజం మొత్తాన్ని మూఢులన్నారు. కూరగాయలు అమ్ముకునే మనవారిని వీధిలోకి రానివ్వని ఊళ్ళు ఉన్నాయి. పరీక్షకు రాకుండా దాక్కున్నవారు మనలో కొందరు ఉన్న మాట నిజం. వారికి క్వారంటైన్ అంటే జైలు అన్న భయం. నచ్చజెప్పినచోట వచ్చారు. అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద కేసులను కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. తీర్పు వచ్చిన వార్త మొదటి వార్తంత దూరం పోలేదు.

ఇంతటి అనుభవం ఉన్న మనం ఇతరుల భయాన్ని ఎలా చూస్తున్నాము? ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒక కార్యాలయానికి ఒక రైతు వచ్చేవాడు. ఏ ఊరో, ఏ కులమో అక్కరలేదు, ముస్లిం కాదు. కూతురి పెళ్ళికి రెండెకరాలు అమ్ముకోబోతే రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. ఆయన సర్వే నంబరు వక్ఫ్ భూమిగా 22-ఎ నిషేధిత జాబితాలో ఉందన్నారు. తాతల నాటి పట్టా, పన్ను రసీదులు పట్టుకుని నెలల తరబడి తిరిగాడు. ఆ సర్వే నంబరులో మసీదు ఇనాం కొంత మాత్రమే, మిగిలినది పట్టా భూమి. సబ్ డివిజన్ చేయకుండా నంబరు మొత్తాన్ని జాబితాలో ఎక్కించడం వలన వచ్చిన చిక్కు అది. పెళ్ళి వాయిదా పడింది. ఒకరోజు మెట్ల మీద కూర్చుని, "సార్, మీ మసీదోళ్ళు నా భూమి తింటారంట కదా" అన్నాడు. మేము కోపగించుకున్నాము, ఎవరో నూరిపోశారు, బుర్ర పనిచేయడం లేదు అనుకున్నాము. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే, ఆయనకు ఎవరూ నూరిపోయనవసరం లేదు, ఆయన చేతిలో తిరస్కరణ కాగితం ఉంది. ఆ రైతు ఈ రోజు వక్ఫ్ సవరణను సమర్థిస్తే అది ద్వేషం కాదు, మతిలేనితనం అంతకన్నా కాదు. 1995 చట్టంలోని 40వ సెక్షన్ బోర్డుకు ఇచ్చిన అధికారం గురించి వినగానే ఆయనకు తన రెండెకరాలు గుర్తుకు వస్తాయి. ఆయనతో మనం మాట్లాడి ఉంటే, సర్వే చేసి హద్దులు తేల్చుకోవడం మసీదుకూ ఆయనకూ ఇద్దరికీ లాభమని ఆయనే ఒప్పుకుని ఉండేవాడు. ఆ భయం మీద మరొకరు ఓట్లు ఏరుకునేదాకా మనం ఆగాము.

దీనికి ఒక హద్దు చెప్పాలి. ఎదుటివారు అందరూ సదుద్దేశంతో ఉన్నారని మేము అనడం లేదు. తెలిసి అబద్ధం చెప్పేవారు ఉన్నారు, తెలిసి ద్వేషం రేపేవారు ఉన్నారు. వారిని అబద్ధాలకోరు అందాము, ద్వేషం రేపుతున్నారందాము, సాక్ష్యం చూపుదాము, అవసరమైతే ఫిర్యాదు చేద్దాము. పిచ్చి అంటే వారి పనికి శిక్ష తగ్గించినట్లే అవుతుంది. ఒకరికొకరు అవమానపు పేర్లు పెట్టుకోవద్దని సూరె హుజురాత్‌లో నిషేధం ఉన్న సంగతి, మక్కావాసులు ప్రవక్త (స) వారిని మతి చలించినవారన్న సంగతి ఇక్కడున్న ఆలిములు మాకంటే బాగా చెప్పగలరు.

ఇక సంచి విప్పుదాము. ఉమీద్ పోర్టల్ 2025 జూన్ 6న మొదలైంది, అప్పుడు ఆరు నెలల గడువు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు సవరణ చట్టంలోని కొన్ని అంశాలను నిలిపివేసింది గానీ నమోదును నిలపలేదు. చట్టం మీద మనకు ఎన్ని అభ్యంతరాలున్నా, కోర్టులో పోరాడేవారు పోరాడుతూనే ఉన్నా, కాగితం ఎక్కించకపోతే నష్టం మన ఖబరస్తానుకే. గెజెట్ ప్రతి, అడంగల్, 1-బి, ఎఫ్.ఎం.బి. నకలు, పాత ఇనాం రిజిస్టరు నకలు కావాలి. 1953కు ముందటి కాగితాలు కొన్నింటికి బళ్ళారి వెళ్ళవలసి రావచ్చు. బళ్ళారిలో బంధువులున్నవారు చెప్పండి. కంప్యూటరు పని తెలిసిన ఇద్దరు యువకులు కావాలి, ఆ రోజు గొడవపడిన ఇద్దరికీ ఆ పని బాగా వచ్చునని విన్నాము. ఒకరు స్కాన్ చేస్తే ఒకరు నమోదు చేయవచ్చు. శుక్రవారం అసర్ నమాజు తరువాత షాదీఖానాలో బల్ల వేసి కూర్చుంటాము. ఈద్గా పక్క సర్వే నంబరులో పట్టా ఉన్న రైతులకు కూడా కబురు పంపాము, వారి కాగితాలతోనే రమ్మన్నాము.