నీళ్లు, నిధులు, నియామకాలు సరే... దవాఖాన సంగతేంది?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కొట్లాడింది నీళ్లు, నిధులు, నియామకాల కోసం. ఆ మూడు మాటల్లో దవాఖాన లేదు. కానీ ఊళ్లోకి పోయి 'ఎకరం ఎందుకు అమ్మినవే?' అని అడగండి. బిడ్డ పెండ్లి, బోరు, రోగం... ఈ మూడింటిలో ఒకటి చెప్తారు. పెండ్లి ఏడాది ఆగుతుంది. బోరు మానుకోవచ్చు. రోగం ఆగుతదా? అందుకే అందరికీ ఉచిత వైద్యం అన్న ముచ్చట ఇవాళ మాట్లాడుకుందాం. లాభమెంతో, నష్టమెంతో రెండూ తూకం వేద్దాం.

ఇది కొత్త కోరిక కాదు. పైసలు కట్టలేడన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోవద్దని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. యుద్ధంలో చితికిపోయిన బ్రిటన్ 1948లో ఆ పని చేసి చూపింది. ధనిక దేశాలకే ఇది సాధ్యమనే వాళ్లకు థాయ్‌లాండ్ జవాబు చెప్పింది. 2002లో 30 బాత్‌ల నామమాత్రపు రుసుముతో అక్కడ అందరికీ వైద్యం మొదలైంది.

లాభాలేమిటి? ఒకటి, రోగం అప్పుగా మారదు. రెండు, డబ్బుల్లేక రోగాన్ని ముదరబెట్టుకునే బాధ తప్పుతుంది. బీపీ, షుగర్‌లకు ముందే గోలీ ఇస్తే కిడ్నీ దాకా పోకుండా చాలామందిని కాపాడొచ్చు. గోలీ ఖర్చెంత, డయాలసిస్ ఖర్చెంత? మూడు, సర్కారు అందరి కోసం ఒక్కసారే మందులు కొంటే ధర తగ్గుతుంది. తమిళనాడు 1994లో ప్రత్యేక సంస్థ పెట్టి ఆ పనే చేసింది.

నష్టాలు లేవా? ఉన్నాయి. దాచిపెడితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. ఉచితమైతే క్యూ పెరుగుతుంది. ఇంగ్లండులో 2023లో వెయిటింగ్ లిస్టు 70 లక్షలకు పైనే ఉండింది. పన్నులు పెరుగుతాయి. బడ్జెట్ కోసిన ఏడాది మందులు నిండుకుంటాయి. పైసలు సర్కారువి, వైద్యం ప్రైవేటుది అయితే అవసరం లేని ఆపరేషన్లు కూడా జరుగుతాయి.

ఈ చివరి మాట మన అనుభవమే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలైంది. గుండె ఆపరేషన్ కలలో కూడా ఊహించని పేదోడు కార్పొరేట్ ఆస్పత్రి మెట్లెక్కాడు. ఆ మేలు కాదనలేం. కానీ అదే పథకం కింద పల్లె ఆడవాళ్లకు అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారని గగ్గోలు పుట్టింది. రాష్ట్రం వచ్చాక 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. 2025లో బకాయిలు ఇవ్వలేదని ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపాయి. కాగితం మీద 10 లక్షలు, కౌంటర్ దగ్గర 'రేపు రండి' అన్న మాట! హెల్త్ కార్డు జేబులో పెట్టుకుని నగదు కట్టిన ఉద్యోగ మిత్రులకు ఈ బాధ నేను చెప్పనక్కర లేదు.

అసలు లోపం ఎక్కడుంది? ఆపరేషన్‌కు కార్డు ఉంది. జ్వరానికి, దగ్గుకు, నెలనెలా వాడే మందులకు ప్రైవేటుకు పోతే కార్డు పనిచేయదు. జేబు ఖాళీ అయ్యేది ఎక్కువగా అక్కడే. ఆదిలాబాద్ ఏజెన్సీలో వానకాలం జ్వరాల చావుల గురించి మనం ఎన్ని వేదికల మీద మాట్లాడలేదు? ఆ చావులను ఆపేది పట్నంలోని పెద్దాస్పత్రి కాదు, దోమతెర, రక్త పరీక్ష, పక్కనే ఉండే డాక్టరు. నల్లగొండ ఫ్లోరైడ్‌కు మందు దవాఖానలో లేదు, మంచినీళ్లలో ఉంది. అంటే మనం నీళ్ల కోసం కొట్లాడింది ఆరోగ్యం కోసం కూడా.

పట్నంలో ఉస్మానియా చూడండి. 2020 జులైలో పాత భవనంలోకి నీళ్లొచ్చాయి. రోగులను ఖాళీ చేయించారు. కొత్త భవనానికి శంకుస్థాపన 2025 జనవరిలో గానీ జరగలేదు. పథకానికి పేరు పెట్టడానికి ఇంతకాలం పడుతుందా?

నా మాట ఇది. అందరికీ వైద్యం కావాలి. అయితే బీమా కార్డుతో మొదలుపెడితే ఖజానా ప్రైవేటుకు పోతుంది. సర్కారు దవాఖానతో మొదలుపెడితే ఆ పైస మన దగ్గరే ఉంటుంది. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, నర్సు, మందులు ఉండాలి. అక్కడ నయం కానివాళ్లే పై ఆస్పత్రికి పోవాలి. క్యూ తగ్గే దారి అదే. పెద్ద జబ్బులకు ఆరోగ్యశ్రీ ఉండాలి, దాని లెక్కలు జనం ముందుండాలి. నియామకాలన్న మాటకు ఇక్కడ రెండు అర్థాలు. ఖాళీ పోస్టు నింపితే ఒక నిరుద్యోగికి కొలువు, ఒక ఊరికి వైద్యం.

ఇంకో మాట. జీతమున్నవాళ్లం మనం సర్కారు దవాఖాన గడప తొక్కకపోతే దాన్ని అడిగేవాడు ఉండడు. నోరున్నోడు వదిలేసిన దవాఖాన నోరు లేనోడికి మిగులుతుంది. వచ్చే ఆదివారం మీ ఊరికి పోయినప్పుడు ఆరోగ్య కేంద్రంలోకి వెళ్లండి. డాక్టర్ పోస్టులు ఎన్ని, ఉన్నదెందరు, షుగర్ గోలీలు ఉన్నాయా లేవా... రాసుకుని రండి. రాష్ట్రం కోసం వంటావార్పు చేసినోళ్లం, ఒక చిట్టా రాయలేమా?

జై తెలంగాణ!